పల్నాటి యుద్ధం (చలనచిత్రాలు)

పల్నాటి యుద్ధం పేరుతో తెలుగులో రెండు సంగీత ప్రధాన చిత్రాలు వచ్చాయి. మొదటిది 1947 నాటిది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టారు, ఎల్.వి. ప్రసాద్ ముగించారు. రెండోదాన్ని 1966లో గుత్తా రామినీడు తీశారు. రెండింటికీ ఆధారం పన్నెండో శతాబ్దం చివర కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున జరిగిందని చెప్పుకునే దాయాదుల పోరు. కారంపూడి ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రం. కావ్యాల్లో దాని పేరు కార్యమపూడి.

ఈ కథ అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేవి కోడిపందెం, నాగమ్మ ఎత్తులు, బాలచంద్రుడి పౌరుషం, అతని భార్య మాంచాల వీరతిలకం. పౌరాణిక చిత్రాల పక్కన పెట్టి చూసే అలవాటు వల్ల దీన్ని కత్తుల కథగానే లెక్కగట్టాం. మొదటి నుంచి వింటే మాత్రం ఇది పొరుగుదేశం నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం కథ. ఆ ఇల్లు కొత్తచోట వేళ్ళూనుకోవడం, ఊరివాళ్ళతో కలిసి కూర్చుని తినాలా వద్దా అని తనలో తనే తగవుపడటం, మూడో తరానికి ఆ తగవు చావుదాకా పోవడం ఇందులో ఉన్నాయి. ప్రపంచ సినిమాలో వలస కుటుంబాల మీద వచ్చిన సంగీత చిత్రాలను లెక్కపెట్టేవాళ్ళు ఈ రెండు చిత్రాలను ఎప్పుడూ కలపలేదు. కలపదగ్గవేనని ఈ వ్యాసం అభిప్రాయం.

వచ్చినవాళ్ళు

అనుగురాజు పల్నాటివాడు కాడు. హైహయ వంశంవాడు, కార్తవీర్యుడి సంతతిగా చెప్పుకునే ఇంటివాడు. కథలో అతని ఊరు పాలమాచాపురి. దాన్ని నర్మదా తీరంలో, జబల్‌పూర్ ప్రాంతంలో వెతికినవాళ్ళున్నారు. పాపపరిహారం కోసం తీర్థాలు తిరుగుతూ పరివారంతో సహా దక్షిణానికి దిగాడు. వెంట మంత్రి దొడ్డనాయుడు ఉన్నాడు, ఇలవేల్పు చెన్నకేశవుడు ఉన్నాడు. చందవోలులో వెలనాటి చోళుల ఇంటి ఆడపడుచు మైలమదేవిని పెళ్ళాడాడు. ఆమెకు అరణంగా పల్నాడు వచ్చింది. గురజాల రాజధాని అయింది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. పల్నాడు అనుగురాజు గెలుచుకున్నది కాదు, తాతల ఆస్తీ కాదు. భార్య తరఫున వచ్చిన భూమి. పరాయి ఊళ్ళో అత్తింటివారిచ్చిన పొలం మీద బతికే అల్లుడి పరిస్థితి తెలుగు పల్లెలకు వేరే చెప్పనక్కర్లేదు. రాజైనా ఆ ఇబ్బంది తప్పదు. పైగా అనుగురాజుకు మైలమదేవి ఒక్కతే భార్య కాదు. మైలమదేవి కొడుకు నలగామరాజు, వీరవిద్యాదేవి కొడుకులు మలిదేవుడూ అతని తమ్ములూ, భూరమాదేవి కొడుకుల్లో ఒకడు నరసింగరాజు. అరణం తెచ్చిన తల్లి కొడుకు ఒకడు, తక్కిన తల్లుల కొడుకులు కొందరు. భూమి మీద ఎవరి హక్కు ఎంత అన్న ప్రశ్న రెండో తరంలోనే లేచింది. నలగాముడికి గురజాల, మలిదేవాదులకు మాచర్ల అని పంచారు. వలస వచ్చిన ఇల్లు కొత్త ఊరికి చెందడం మొదలుపెట్టిన నాడే రెండుగా చీలింది.

మాచర్ల పక్షానికి పెద్దదిక్కు దొడ్డనాయుడి కొడుకు బ్రహ్మనాయుడు. తల్లి శీలమ్మ పేరుతో శీలం బ్రహ్మనాయుడు అంటారు. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ. ఆమె కూడా స్థానికురాలు కాదని ఒక కథనం. కరీంనగర్ సీమలోని ఆరవెల్లి నుంచి తండ్రి రామిరెడ్డి వెంట జిట్టగామాలపాడు వచ్చి స్థిరపడిందట. రాజుకూ పరివారానికీ ఆతిథ్యమిచ్చి, బదులుగా ఏడు ఘడియల మంత్రిత్వం మాట పుచ్చుకుని, ఆ ఏడు ఘడియలను జీవితకాలంగా మార్చుకుంది. అటు బ్రహ్మనాయుడిది వలస మంత్రి కుటుంబం, ఇటు నాగమ్మది వలస రైతు కుటుంబం. ఇద్దరూ బయటి నుంచి వచ్చినవాళ్ళే. పల్నాడు ఎలా ఉండాలన్న దాని మీదే వాళ్ళకు పడలేదు. ఒకరు వైష్ణవం, ఒకరు శైవం అని కూడా చెబుతారు గానీ, మతం ఒక్కటే కారణమైతే ఈ కథ ఇన్ని వందల ఏళ్ళు పాటగా నిలిచేది కాదు.

తరవాతిది అందరికీ తెలిసిందే. కోడిపోరులో బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు ఓడింది. పందెం ప్రకారం మాచర్లవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి వెళ్ళాలి. ఆవుల మందలతో, బండ్లతో మొదట మండాదికి, అక్కడ ఉండనివ్వకపోతే త్రిపురాంతకం దగ్గరి మేడపికి కదిలారు. తండ్రులు ఇష్టంతో వచ్చారు, కొడుకులను తరిమేశారు. గడువు తీరాక పాలు అడగడానికి రాయబారిగా వెళ్ళిన అలరాజు నలగాముడికి స్వయానా అల్లుడు. అతన్ని చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారు. దాంతో కారంపూడి పొలాల్లో సేనలు మోహరించాయి.

చాప

బ్రహ్మనాయుడి పేరు చెప్పగానే పల్నాటిలో వచ్చే రెండో మాట చాపకూడు. పరిచిన ఒకే చాప మీద కులం చూడకుండా కూర్చుని, ఒకే కుండలో వండిన కూడు తినడం. మాల కన్నమదాసు అతనికి కొడుకుతో సమానం, సేనలో ముందు నిలిచిన వీరుడు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి వెంట యుద్ధానికి నడిచిన తమ్ముల్లో బ్రాహ్మణుడైన అనపోతురాజు మొదలు చాకలి, మంగలి, కుమ్మరి, కంసాలి దాకా పలు కులాలవాళ్ళున్నారు. రక్తం పంచుకు పుట్టకపోయినా కథ వాళ్ళను తమ్ములనే అంటుంది.

చాపకూడును సంఘసంస్కరణగా చెప్పడం ఇరవయ్యో శతాబ్దంలో బాగా అలవాటైంది. దానికి కారణమైనవాళ్ళలో మొదటి చిత్రం దర్శకుడు ఒకరు. ఆ కోణం తప్పేమీ కాదు గానీ ఇంకో సంగతి కూడా గమనించాలి. ఊరు కొత్త అయినవాడికి చుట్టాలుండరు. బలగం కావాలంటే కలుపుకోవాలి. వియ్యానికి కులం అడ్డు వస్తుంది, కయ్యానికి రాదు, కూటికి రాకుండా చేసుకోవచ్చు. బ్రహ్మనాయుడు చేసింది అదే. వలస వచ్చిన ఇల్లు ఊరిని తనలో కలుపుకునే పద్ధతి అది. అటువైపు నాగమ్మ పక్షం ఉన్న కట్టుబాట్లను గట్టిగా పట్టుకుని ఊరి మర్యాద సంపాదించే దారి పట్టింది. లోకంలో వలస వెళ్ళిన ఏ సమాజంలో చూసినా ఈ రెండు దారులే కనబడతాయి.

తిండి సంగతి వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. పల్నాడంటే జొన్నకూడు తప్ప సన్నబియ్యం పుట్టని సీమ అని ఎకసెక్కం చేసిన చాటువులు శ్రీనాథుడి పేరు మీద తిరుగుతున్నాయి. కొండవీటి ఆస్థానంలో భోగాలు అనుభవించిన కవికి జొన్న సంకటి గొంతు దిగలేదని చెప్పుకుంటారు. ఆ సీమ వీరుల కథను కావ్యంగా రాసిన ఘనతా ఆయన పేరు మీదే ఉంది.

పాటగా బతికిన కథ

సినిమా రాకముందు ఎన్నో తరాలుగా ఈ కథ పాటగానే బతికింది. దీన్ని పాడేవాళ్ళను వీరవిద్యావంతులు అంటారు. వాళ్ళు మాలలు. పంబ మోగుతుండగా రాత్రుళ్ళ తరబడి నిలబడి పాడతారు. ఇది పల్నాడు పొలిమేర దాటి వెళ్ళిందనడానికి క్రీడాభిరామం సాక్ష్యం. ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల కథ పాడే దృశ్యం అందులో వర్ణించి ఉంది. అంటే కాకతీయుల రాజధానిలో అప్పటికే అది జనం గుమిగూడి వినే పాట.

శ్రీనాథుడిదిగా చెప్పే పల్నాటి వీరచరిత్ర మంజరీ ద్విపదలో ఉంది. ద్విపద పాడుకోవడానికి వీలైన ఛందస్సు. పద్యం రాయడంలో అంత దిట్ట అయిన కవి ఈ కథకు మంజరినే ఎంచుకోవడం, పాడేవాళ్ళ నోటి నడక విని చేసిన పనిలా తోస్తుంది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దీన్ని పరిష్కరించి అచ్చువేశాక చదువుకున్నవాళ్ళ బల్లల మీదికి వచ్చింది. 1926లో ఉన్నవ లక్ష్మీనారాయణ ‘నాయకురాలు’ నాటకం రాశారు. ‘మాలపల్లి’ రాసిన చెయ్యి, అడవిలో పశువుల మేత మీద పన్నుకు ఎదురుతిరిగిన పల్నాడు పుల్లరి ఉద్యమాన్ని దగ్గరగా చూసిన మనిషి. అందుకే నాటకం పేరే నాగమ్మ వైపు తిరిగింది.

1970ల్లో అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ ఈ సీమకు వచ్చి, అలిసెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడు పాడిన కథను రికార్డు చేశారు. దాని ఇంగ్లీషు అనువాదమూ అధ్యయనమూ 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా వచ్చాయి. గాలెయ్య పాట వింటే సినిమాల్లో కనబడని ఒకటి తెలుస్తుంది. పాటకుడు యుద్ధం దగ్గరకు రావడానికి తొందరపడడు. వంశం ఎక్కడిది, ఏ తీర్థంలో మునిగారు, ఏ ఊరికి ఎలా చేరారు, ఎవరి చేతి భూమి ఎవరికి వచ్చింది అన్నది నిదానంగా చెబుతాడు. వీరుడు ఎలా చచ్చాడన్నది ఎంత ముఖ్యమో, అతని తాత ఎక్కడి నుంచి వచ్చాడన్నది అంతే ముఖ్యం. రెండున్నర మూడు గంటల సినిమాకు ఆ ఓపిక ఉండదు. తెరమీద పోయినది ప్రధానంగా ఈ మొదటి భాగమే.

1947 చిత్రం

గూడవల్లి రామబ్రహ్మం ఈ కథను ఎందుకు ఎంచుకున్నారో ఆయన పాత చిత్రాల వరస చెబుతుంది. ‘మాలపిల్ల’ (1938)లో మాల అమ్మాయిని బ్రాహ్మణ యువకుడు ప్రేమించాడు. ‘రైతుబిడ్డ’ (1939) జమీందారులకు కోపం తెప్పించింది. అలాంటి దర్శకుడికి చాపకూడు, కన్నమదాసు దొరికితే వదలడు. పౌరాణికాలే డబ్బు తెచ్చే కాలంలో పురాణం కాని పాత కథను, అదీ ఒక సీమ పేరు మోసే కథను పట్టుకోవడం కూడా తెగువే.

ఆయన చిత్రం పూర్తి కాకముందే 1946 అక్టోబరు 1న చనిపోయారు. మిగిలిన పని ఎల్.వి. ప్రసాద్ చేతికి వచ్చింది. అప్పటికి ప్రసాద్ దర్శకుడిగా కొత్త. ‘గృహప్రవేశం’ (1946) ఒక్కటే ఆయన చేసినది. కాని వలస బతుకు ఆయనకు కొత్త కాదు. ఏలూరు దగ్గరి పల్లె వదిలి 1930 ప్రాంతంలో బొంబాయి చేరి, హిందీ రాకుండానే స్టూడియోల్లో చిన్నాచితకా పనులు చేసి, తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’ (1931)లోనూ, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనూ చిన్న వేషాలు వేసిన మనిషి. ఒకరి ఊహతో మొదలైన చిత్రాన్ని ఇంకొకరు ముగించినప్పుడు అతుకు కనబడటం మామూలే. ఇక్కడ అది మరీ కొట్టొచ్చినట్టు లేకపోవడానికి రచయిత, సంగీత దర్శకుడు, నటవర్గం మారకపోవడం ఒక కారణం.

మాటలు, పాటలు సముద్రాల రాఘవాచార్యవి. సంగీతం గాలిపెంచల నరసింహారావుది. బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు. ‘మాలపిల్ల’లో ఛాందసుడైన సుందరరామశాస్త్రి కూడా ఆయనే. చాప పరచడానికి వ్యతిరేకి అయిన పాత్ర వేసిన నటుడే తొమ్మిదేళ్ళకు చాప పరిచేవాడయ్యాడు. ఈ ఎంపిక రామబ్రహ్మం కావాలని చేసిందో కాదో గానీ, రెండు చిత్రాలూ వరసగా చూసినవాళ్ళకు ఆ మలుపు తెలుస్తుంది. నాగమ్మ కన్నాంబ. ఆమె కంచుగంటలాంటి గొంతు లేకుండా ఆ తరానికి నాయకురాలు లేదు. బాలచంద్రుడు అప్పుడప్పుడే పైకి వస్తున్న అక్కినేని నాగేశ్వరరావు, మాంచాల ఎస్. వరలక్ష్మి.

దీన్ని సంగీత చిత్రం అనడంలో చిన్న పేచీ ఉంది. ఆ కాలపు తెలుగు చిత్రం ఏదైనా సంగీత చిత్రమే. పాట లేకుండా సినిమా ఊహించలేని రోజులవి. కన్నాంబ, వరలక్ష్మి ఇద్దరూ పాడగలిగిన నటీమణులు. నాటకరంగం నుంచి వచ్చిన పద్యం ఇంకా తెర మీద బతికే ఉంది. కాని పల్నాటి కథలో పాట అదనంగా తగిలించింది కాదు. పాటగా పుట్టిన కథ తెరమీదికి వస్తే పాటతోనే రావాలి. వీరవిద్యావంతుల పంబ బదులు మద్రాసు స్టూడియో వాద్యగోష్ఠి వచ్చింది, అంతే తేడా. ఆ తేడా చిన్నది కాదు. పంబ పాటలో కులం పేరు, ఊరి పేరు, మొక్కుబడి అన్నీ కలిసి ఉంటాయి. స్టూడియో పాటలో అవి రాలిపోయి ప్రేమ, శోకం, పౌరుషం మాత్రం మిగులుతాయి. బాలచంద్రుడు, మాంచాల, వేశ్య శ్యామాంగి మధ్య నడిచే శృంగారానికి దక్కినంత చోటు అనుగురాజు ప్రయాణానికి దక్కకపోవడానికి ఇదొక కారణం.

మద్రాసు అన్నాం గదా. 1947లో తెలుగు సినిమా మొత్తం పరాయి ఊళ్ళోనే బతుకుతోంది. గుడివాడ దగ్గరి నుంచి నాగేశ్వరరావు, ఏలూరులో పెరిగిన కన్నాంబ, జగ్గంపేట వైపు నుంచి వరలక్ష్మి, అందరూ అరవదేశంలో ఉన్నారు. పల్నాటి వలస రాజుల కథను తెలుగు వలస కళాకారులు చెన్నపట్నంలో కూర్చుని తీశారు.

1966 చిత్రం

పంతొమ్మిదేళ్ళ తరవాత గుత్తా రామినీడు అదే పేరుతో మళ్ళీ తీశారు. ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ, హరనాథ్ బాలచంద్రుడు, జమున మాంచాల. సంగీతం ఎస్. రాజేశ్వరరావు.

రామినీడుకు ఒక విశేషం ఉంది. ఆయన తీసిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) పూర్తిగా హైదరాబాదులో నిర్మాణం జరుపుకున్న తొలి తెలుగు చిత్రంగా పేరు పొందింది. సారథి స్టూడియోలో తీశారు. హరనాథ్ కథానాయకుడుగా తెరమీదికి వచ్చిందీ అందులోనే. ‘మాలపిల్ల’ను రామబ్రహ్మం తీసింది చల్లపల్లి రాజా అండగా నడిచిన సారథి సంస్థకే. మొదటి చిత్రం తీసే నాటికి మద్రాసులో స్థిరపడిన పరిశ్రమ, రెండోది తీసే నాటికి ఇంటిదారి పట్టడం మొదలుపెట్టింది.

రెండో చిత్రంలో తూకం మారింది. కృష్ణుడిగా, రాముడిగా జనం మనసులో కూర్చున్న రామారావు బ్రహ్మనాయుడైతే ఆ పాత్రకు దైవాంశ దానంతటదే వస్తుంది. జానపదులు బ్రహ్మనాయుడిని విష్ణువు అంశగా కొలుస్తారు కాబట్టి కొత్తగా చేర్చినదేమీ లేదనవచ్చు. కాని చాప పరిచే మనిషి దేవుడైపోతే చాప మీద కూర్చోవడం సాహసం కాకుండా ప్రసాదమవుతుంది. భానుమతి నాగమ్మ ఈ దైవత్వానికి తగ్గ ఎదురు. తన పాటలు తనే పాడుకునే నటి, చూపులోనే ధిక్కారం ఉన్న మనిషి. కథ ఆమెను ప్రతినాయికగా నిలబెట్టాలని ఎంత చూసినా ఆమె నాయకురాలుగానే కనబడుతుంది. నాగమ్మను తొలి మహిళా మంత్రిగా చెప్పుకుని గర్వించే ధోరణికి కన్నాంబ, భానుమతి ఇద్దరి రూపాలూ బలాన్నిచ్చాయనుకోవచ్చు.

తరవాతి దశాబ్దాల్లో పల్నాడు పేరు సినిమాకు ముద్రగా మారింది. ‘పల్నాటి సింహం’ (1985), ‘పల్నాటి పౌరుషం’ (1994), ‘పల్నాటి బ్రహ్మనాయుడు’ (2003) పేర్లలో సీమ మిగిలింది, చరిత్ర లేదు. వాటిని ఈ వ్యాసం పరిధిలోకి తీసుకోనక్కర్లేదు.

ఇతర తెరల మీద

వలస కుటుంబం మీద వచ్చిన సంగీత చిత్రాల్లో ప్రపంచం ఎక్కువగా చెప్పుకునేది 1961 నాటి అమెరికన్ చిత్రం ‘ఫ్లవర్ డ్రమ్ సాంగ్’. సి.వై. లీ 1957లో రాసిన నవల, 1958లో రోజర్స్, హామర్‌స్టైన్ జంట చేతిలో బ్రాడ్‌వే సంగీత నాటకమైంది. దాన్ని హెన్రీ కోస్టర్ తెరకెక్కించారు. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో ఉండే వాంగ్ కుటుంబం కథ. తండ్రి బ్యాంకును నమ్మడు, డబ్బు ఇంట్లోనే దాస్తాడు. పెద్దకొడుకు రెండు లోకాల మధ్య నలుగుతాడు. చిన్నకొడుకు పూర్తిగా అమెరికన్. సముద్రం దాటి దొంగచాటుగా వచ్చిన మెయ్ లీ అనే అమ్మాయికి పెళ్ళి ఒప్పందం ముందే రాసి ఉంటుంది. నాన్సీ క్వాన్, జేమ్స్ షిగెటా, మియోషీ ఉమేకీ నటించారు. అయిదు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. 2008లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారంలో చేర్చారు. దాదాపు అందరూ ఆసియా మూలాల నటులే కావడం ఆ రోజుల్లో విశేషం. అయినా చైనా ఇంటి పెద్దకొడుకుగా, పెళ్ళికూతురుగా వేసినవాళ్ళు జపాన్ మూలాలవాళ్ళు, పిల్లల తల్లి తోబుట్టువుగా వేసిన జువానిటా హాల్ నల్లజాతి నటి. ఈ సంగతి మీద తరవాత చాలా విమర్శ వచ్చింది.

ఆ చిత్రంలో తల్లి తోబుట్టువు పౌరసత్వ తరగతి పూర్తిచేసిన సందర్భంగా విందు జరుగుతుంది. అక్కడ వచ్చే పాట పేరు ‘చాప్ సూయ్’. కూరలన్నీ కలగలిపి వండే, అమెరికాలో పేరుపడ్డ చైనా వంటకం అది. కొత్త దేశంలో కలగలిసిన బతుకుకు దాన్ని గుర్తుగా పెట్టారు. చాపకూడుకూ చాప్ సూయ్‌కీ పేరులో కలిసిన చప్పుడు కాకతాళీయమే, సందర్భంలో కలిసిన పోలిక మాత్రం కాదు. పరాయి నేల మీద తనవాళ్ళెవరో తేల్చుకోవాల్సి వచ్చిన ప్రతి ఇల్లూ చివరికి విస్తరి దగ్గరికే వస్తుంది. తేడా ఒకటుంది. వాంగ్ ఇంట్లో తగవు పెళ్ళి పందిట్లో తీరిపోతుంది. కారంపూడిలో తీరదు. అనుగురాజు మనవల తరానికి చాప మీద కలిసి తిన్నవాళ్ళంతా ఒకే పొలంలో పడిపోయారు.

తెలుగువాళ్ళే వలస వెళ్ళిన కథకు వస్తే జంధ్యాల ‘పడమటి సంధ్యారాగం’ (1987) ముందుంటుంది. 1965లో అమెరికా వలస చట్టం మారాక డాక్టర్లు, ఇంజనీర్లుగా వెళ్ళిన తెలుగు కుటుంబాలకు అప్పటికి పిల్లలు ఎదిగివచ్చారు. అలాంటి ఇంటి అమ్మాయి సంధ్యగా విజయశాంతి, ఆమెను ప్రేమించిన పొరుగింటి అమెరికన్ అబ్బాయిగా థామస్ జేన్, ఒప్పుకోని తండ్రిగా గుమ్మలూరి శాస్త్రి నటించారు. నిర్మాత మీర్ అబ్దుల్లా. చాలా భాగం అమెరికాలోనే తీశారు. పాటలు వేటూరివి, సంగీతం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానిది. సినీపాటల మధ్య అన్నమయ్య కీర్తన కూడా వినబడుతుంది. పరదేశంలో తెలుగు ఇల్లు తన్ను తాను ఎలా గుర్తుపెట్టుకుంటుందో ఆ ఒక్క ఎంపికలో ఉంది. అనుగురాజు చెన్నకేశవుణ్ణి వెంట తెచ్చుకున్నట్టే, ఈ ఇల్లు తాళ్ళపాక పాటను మోసుకెళ్ళింది. హాస్యం వల్ల ఈ చిత్రం తేలికగా కనబడుతుంది గానీ, తండ్రి మొండితనాన్ని జంధ్యాల ఎక్కడా వెక్కిరించలేదు.

మూడింటినీ పక్కపక్కన పెడితే పల్నాటి చిత్రాల లోపం ఒకటి బయటపడుతుంది. వాంగ్ ఇంటి తండ్రికి, సంధ్య తండ్రికి తెరమీద నోరు ఉంది. వదిలి వచ్చిన ఊరి కోసం వాళ్ళు బెంగపడతారు, గొణుగుతారు, తిడతారు. అనుగురాజు పాలమాచాపురి గురించి బెంగపడిన పాట మన సినిమాల్లో లేదు. తొలితరం వలసవాడి దిగులు మన వీరగాథలోంచి జారిపోయింది. అది వెతుక్కోవాలంటే సినిమాహాలు వదిలి కారంపూడి రావాలి.

కారంపూడిలో

యుద్ధానంతరం బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి తపస్సుకు వెళ్ళిపోయాడని నమ్మకం. పోరులో పడిన అరవై ఆరుగురు వీరులకు కారంపూడిలో వీరుల గుడి ఉంది, అంకాలమ్మ గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది. రోజుకో పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. సినిమా చూసినవాళ్ళకు కోడిపోరు, రాయబారం వెంటనే అర్థమవుతాయి. మందపోరు అంత తేలిగ్గా తెలియదు. తరిమేసిన మాచర్లవాళ్ళు మందలతో అడవిలో ఉన్నప్పుడు వాటి మీద జరిగిన దాడి, మందను కాస్తూ లంకన్న పడిపోవడం ఆ రోజు తలుచుకుంటారు. ప్రవాసంలో జరిగిన ఘటన అది. చాపకూడు పెట్టేది కూడా సరిగ్గా ఆ మందపోరు నాడే.

వీరుల ఆయుధాలను కొణతాలు అంటారు. వాటిని వంశపారంపర్యంగా దాచుకున్న ఇళ్ళవాళ్ళు, వీరాచారవంతులు, ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వాటిని మోసుకుని వస్తారు. వాళ్ళలో చాలామంది తాతల నాడే పల్నాడు విడిచి వెళ్ళినవాళ్ళు. కొణతాలకు నీళ్ళాడించి, పసుపు కుంకుమ పెట్టి, వీరుల గుడి ముందు వరసగా నిలబెడతారు. పంబ మోగుతుంది. వీరవిద్యావంతుడు మొదటి నుంచి ఎత్తుకుంటాడు. చిట్టిమల్లు దగ్గరికి రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. ముందు అనుగురాజు రావాలి, తీర్థాలు తిరగాలి, చందవోలు చేరాలి. వచ్చినవాళ్ళు గుడి ముందు నాపరాళ్ళ మీద కండువాలు పరచుకుని కూర్చుంటారు.